ఎల్లిగడ్డ లెక్క విత్తనం దగ్గరే తేలుతుంది: పాలమూరు, నల్లగొండ చిన్న రైతుకు వెల్లుల్లి సాగు

2024 ఫిబ్రవరి నాటికి దేశంలోని పలు నగరాల్లో కిలో వెల్లుల్లి చిల్లర ధర 400 రూపాయలు దాటింది. అంతకు రెండేళ్ల ముందు, 2022లో, మధ్యప్రదేశ్‌లోని మాళవ ప్రాంతపు రైతులు కిలోకు ఐదు రూపాయలైనా గిట్టక పంటను వాగుల్లోనూ రోడ్ల పక్కనా పారబోసినట్టు వార్తలు వచ్చాయి. బోరు కింద అరెకరమో ఎకరమో తడి పెట్టుకోగల పాలమూరు, నల్లగొండ రైతు వెల్లుల్లిని చిన్న వ్యాపారంగా చేపట్టవచ్చునా అని ఆలోచించేటప్పుడు ఈ రెండు ధరల్లో ఏ ఒక్కదాన్నో చూసి నిర్ణయానికి వస్తే మోసపోతాడు. ఆ రెండింటినీ పుట్టించిన కారణం ఒకటే, అది చాలావరకు విత్తనంలో ఉంది.

సాగులో ఉన్న వెల్లుల్లి మొలిచే గింజను ఇవ్వదు. గడ్డను విడదీసి ఒక్కొక్క రెబ్బను నాటితేనే మరో గడ్డ వస్తుంది. సాళ్ల మధ్య 15 సెంటీమీటర్లు, రెబ్బల మధ్య 10 సెంటీమీటర్ల ఎడం ఉండేలా నాటితే ఎకరానికి 160 నుంచి 200 కిలోల రెబ్బలు కావాలి. రెబ్బ లావుగా ఉండే రకాలకు ఇంకా ఎక్కువే పడుతుంది. దిగుబడి హెక్టారుకు ఐదారు టన్నులని అనుకుందాం, అంటే ఎకరానికి రెండు టన్నులు, యాజమాన్యం బాగుంటే రెండున్నర. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే పంట స్వభావం బయటపడుతుంది: ఒక కిలో విత్తనం పది, పన్నెండు కిలోలకు మించి తిరిగి ఇవ్వదు. ఉల్లిగడ్డకైతే ఎకరానికి మూడు నాలుగు కిలోల విత్తనం చాలు. వనపర్తి, అచ్చంపేట వైపు యాసంగిలో పల్లి వేసే రైతులకు ఈ ఇబ్బంది కొంత పరిచితమే, ఎందుకంటే విత్తనం బస్తాలు ఇంటికి చేరేసరికే పెట్టుబడిలో పెద్ద వాటా అయిపోవడం వారు ఏటా చూస్తున్నారు. వెల్లుల్లిలో ఆ భారం పల్లి కంటే కూడా ఎక్కువ.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. దున్నకం, పశువుల ఎరువు, కూలీలు, డ్రిప్పు, మందులు, కోత, ఆరబెట్టడం అన్నీ కలిపి ఎకరానికి 60,000 రూపాయలు అవుతుందని అనుకుందాం. విత్తనం కిలో 80 రూపాయలకు దొరికిన ఏడాది 200 కిలోలకు 16,000, అంటే మొత్తం 76,000. అదే విత్తనం కిలో 300 రూపాయలు పలికిన ఏడాది 60,000, మొత్తం 1,20,000. రెండు సందర్భాల్లోనూ రెండు టన్నుల పంట వచ్చి, అందులో 200 కిలోలు మరుసటి ఏటి విత్తనానికి తీసిపెడితే అమ్మకానికి మిగిలేది 1,800 కిలోలు. మొదటి రైతుకు కిలో 42 రూపాయల దగ్గర పెట్టుబడి తిరిగి వస్తుంది, రెండో రైతుకు 67 రూపాయలు వస్తే తప్ప రాదు. నేల, నీరు, చేతి పని ఒకటే అయినా కిలోకు 25 రూపాయల తేడా పంట మొలవకముందే ఏర్పడిపోయింది.

ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. ధర చూసి ఆశపడే రైతు ధర ఎక్కువగా ఉన్న అక్టోబరులోనే విత్తనం కొంటాడు. అదే ధరను మందసౌర్, నీముచ్, రత్లాం ప్రాంతాల రైతులూ, రాజస్థాన్‌లోని కోటా వైపు రైతులూ చూస్తారు. దేశంలో పండే వెల్లుల్లిలో సగానికి పైగా ఒక్క మధ్యప్రదేశ్ నుంచే వస్తుంది కాబట్టి అక్కడ విస్తీర్ణం పెరిగితే మార్చి తర్వాత హైదరాబాద్‌లోని మలక్‌పేట మార్కెట్‌కు దిగే లారీల సంఖ్య మారిపోతుంది. విత్తనం అత్యంత ప్రియంగా ఉన్న ఏడాదికి వెన్నంటే పంట అత్యంత చవకగా ఉండే ఏడాది రావడానికి ఇదే కారణం. దీనికి విరుద్ధంగా, 2022 చివర్లో అందరూ విసిగి మానుకున్నప్పుడు చవక విత్తనంతో నాటి, 2023లో ఆ పంటను కొన్ని నెలలు చెడకుండా దాచగలిగినవారికే ఆ తర్వాతి ధర అందింది. వెల్లుల్లికి కేంద్రం మద్దతు ధర ప్రకటించదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రైతుకు వడ్ల విషయంలో ఉండే కొనుగోలు కేంద్రం ఆసరా ఈ పంటకు లేదు. చైనా వెల్లుల్లి దిగుమతిని శిలీంధ్ర భయంతో 2014లో నిలిపివేసినా, నేపాల్ సరిహద్దు మీదుగా దొంగచాటుగా వస్తోందన్న వార్తలు తరచూ వినిపిస్తూనే ఉన్నాయి కనుక ఆ నిషేధాన్ని నమ్ముకుని లెక్క వేయడం కూడా సరికాదు.

కాబట్టి దక్షిణ తెలంగాణలో వెల్లుల్లిని ఎకరాల్లో మొదలుపెట్టడం తప్పు. మొదటి ఏడాది ఐదు గుంటలు, అంటే ఎకరంలో ఎనిమిదో వంతు, చాలు. ఐదు గుంటలకు 20 నుంచి 25 కిలోల రెబ్బలు సరిపోతాయి, విత్తనం ఎంత ప్రియమైనా ఆ ఖర్చు ఒక కుటుంబం భరించగలిగినదే. పంట సాధారణంగా వచ్చినా 250 కిలోలు చేతికి వస్తాయి. అందులో గట్టివి, తెగులు లేనివి, రెబ్బలు నిండుగా ఉన్నవి ఏరి వంద కిలోలు పక్కన పెడితే, నిలువలో పోయే తరుగు పోను రెండో ఏడాది పదిహేను గుంటలకు పైగా నాటుకోవడానికి సొంత విత్తనం ఉంటుంది. బజారులో విత్తనం ధర ఎంతైనా ఈ రైతును అది తాకదు, ధర పడిన ఏడాది అతడు విస్తీర్ణం పెంచగలడు, పెరిగిన ఏడాది సరుకు అమ్ముకోగలడు. మొదటి ఏడాది లాభం చూపించే పద్ధతి ఇది కాదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి.

ఇక వాతావరణం. మందసౌర్ దాదాపు 24 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, నల్లగొండ 17 డిగ్రీల మీద. వెల్లుల్లి మొక్క చల్లటి, పగలు తక్కువగా ఉండే రోజుల్లో ఆకు పెంచుకుంటుంది, పగటి నిడివీ ఎండా పెరిగే కొద్దీ గడ్డ కడుతుంది. మన చలికాలం పొట్టిది. ఫిబ్రవరి రెండో పక్షానికే పగటి ఉష్ణోగ్రత 33 డిగ్రీల దాకా చేరి ఆకు పండిపోతుంది, కనుక గడ్డ ఊరడానికి దొరికే గడువు మాళవలో కంటే తక్కువ. ఇక్కడి గడ్డ అక్కడి గడ్డంత లావు కాకపోవడం సాగులో లోపమని అనుకోనక్కర్లేదు. ఉన్న గడువును పూర్తిగా వాడుకోవడమే రైతు చేతిలో ఉన్నది: అక్టోబరు మొదటి వారం నుంచి నవంబరు మొదటి వారం లోపు నాటడం ముగియాలి. సెప్టెంబరులో నాటితే వానలకు రెబ్బ కుళ్లుతుంది, నవంబరు నడిమి దాటితే మొక్క చిన్నగా ఉండగానే ఎండ ముదిరి గోలీకాయంత గడ్డలు వస్తాయి.

రకం ఎంపికలో జరిగే పొరపాటు ఈ వాతావరణం వల్లే పంట మొత్తాన్ని దెబ్బతీస్తుంది. కిరాణా దుకాణంలో నిగనిగలాడే, బొటనవేలంత రెబ్బలున్న గడ్డను చూసి అదే విత్తనంగా వాడాలని అనిపిస్తుంది. అలాంటి సరుకులో కొండ ప్రాంతాలది కూడా ఉండవచ్చు. అగ్రిఫౌండ్ పార్వతి వంటి కొండ రకాలకు పగలు ఎక్కువసేపు ఉండాలి, మన మైదానాల్లో అవి ఆకు ఏపుగా వేసి గడ్డ కట్టకుండానే నిలిచిపోతాయి. మైదానాలకు సరిపడేవి జాతీయ ఉద్యాన పరిశోధన అభివృద్ధి సంస్థ విడుదల చేసిన అగ్రిఫౌండ్ వైట్, యమునా సఫేద్ రకాలు, పుణె దగ్గర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన డైరెక్టరేట్ నుంచి వచ్చిన భీమా ఓంకార్, భీమా పర్పుల్. భీమా రకాలు రెండూ 120 నుంచి 135 రోజుల్లో కోతకు వస్తాయి, మన పొట్టి చలికాలానికి ఆ గడువు నప్పుతుంది. మొదటి ఏడాది ఐదు గుంటల్లోనే రెండు రకాలను పక్కపక్కన వేసి చూడడం, కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో దగ్గరి దాని సలహా తీసుకోవడం తేలికగా జరిగే పనులు.

నేల విషయంలో పాలమూరు రైతుకు అనుకూలతే ఎక్కువ. ఎర్ర చెలక, దుబ్బ నేలల్లో నీరు నిలవదు, గడ్డ గుండ్రంగా ఊరుతుంది, పీకేటప్పుడు తెగదు. వాటిలో లేనిది సేంద్రియ పదార్థం. ఎకరానికి ఎనిమిది నుంచి పది టన్నుల దాకా బాగా మాగిన పశువుల ఎరువు వేయకుండా ఈ పంట జోలికి పోకూడదు. నల్లరేగడిలో నేల బిగిసి గడ్డ వంకరవుతుంది, కోత సమయంలో మట్టి అంటుకుని రంగు చెడుతుంది. వెల్లుల్లి ఘాటు గంధకం వల్ల వచ్చేదే కాబట్టి ఎరువుల్లో గంధకం ఉండేలా చూసుకోవాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడేవారికి అది వేరే ఖర్చు లేకుండానే అందుతుంది. నత్రజని మితిమీరినా, నాటిన రెండు నెలల తర్వాత కూడా యూరియా చల్లుతూ పోయినా గడ్డలోని రెబ్బలు నేలలోనే మొలకెత్తి గడ్డ విచ్చుకుంటుంది, అలాంటి సరుకును ఏ వ్యాపారీ ముట్టుకోడు.

నీటి గురించి ఒక జాగ్రత్త తప్పదు. వెల్లుల్లి ఉప్పు నీటిని ఓర్చుకోలేదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే, కానీ ఈ పంటకు సంబంధించి చూడవలసింది బోరు నీటిలోని లవణాల మోతాదు. నీటి పరీక్ష చేయించకుండా చౌడు ఆనవాళ్లున్న చేనులో రెబ్బలు నాటడం డబ్బును మట్టిలో పూడ్చడమే. వేర్లు పైపైనే ఉంటాయి కనుక తక్కువ నీటిని తరచుగా ఇవ్వాలి. ఎత్తు మడుల మీద డ్రిప్పు లేదా చిన్న తుంపర్లు దీనికి అనువు. బత్తాయి మొక్కలు చిన్నగా ఉన్న తోటల్లో డ్రిప్పు ఎలాగూ ఉంటుంది, మొదటి రెండు మూడేళ్లు ఆ సాళ్ల మధ్య జాగాలో వెల్లుల్లి వేసుకోవచ్చు. అయితే కోతకు పది, పదిహేను రోజుల ముందు గడ్డకు నీళ్లు ఆపాలి, అదే సమయంలో చెట్టుకు నీళ్లు కావాలి. రెండింటికీ పైపులు వేరుగా లేకపోతే ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

కూలీల సంగతి విస్తీర్ణాన్ని నిర్ణయించే రెండో పెద్ద కారణం. నాటే ముందు గడ్డలను రెబ్బలుగా విడదీయాలి, లోపలి సన్న రెబ్బలను ఏరి వంటింటికి పంపాలి, మిగిలినవాటిని మొన పైకి ఉండేలా రెండు మూడు సెంటీమీటర్ల లోతులో చేత్తో గుచ్చాలి. ఈ ఎడంతో నాటితే ఒక్క గుంటలోనే ఆరు వేలకు పైగా రెబ్బలు పడతాయి. ఇదంతా జరగవలసిన అక్టోబరు, నవంబరు నెలల్లోనే నల్లగొండ, నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెల్లో పత్తి ఏరుడు నడుస్తుంది, వరి కోతలూ మొదలవుతాయి. ఆడకూలీలు దొరకడం కష్టం, దొరికినా పత్తి చేను ఇచ్చే కూలి కంటే తక్కువకు రారు. మొక్క ఆకు సన్నగా నిలువుగా ఉండి నేలను కప్పదు కాబట్టి కలుపు కనీసం రెండుసార్లు తీయాలి. ఐదు గుంటలైతే ఇంటి మనుషులు వారం రోజుల్లో నాటుకోగలరు. ఎకరమైతే పని అంతా కొన్న కూలీ మీదే నడుస్తుంది, అప్పుడు పైన వేసిన 60,000 రూపాయల లెక్క కూడా చాలకపోవచ్చు.

తెగుళ్లలో ఊదా రంగు మచ్చ, పురుగుల్లో తామర పురుగు ముఖ్యమైనవి. తామర పురుగు ఆకు రసాన్ని పీల్చి తెల్లటి చారలు పెడుతుంది, ఆ గాయాల మీదే మచ్చ తెగులు తేలికగా పాకుతుంది. ఏటా ఉల్లి పండించే దేవరకద్ర, నారాయణపేట, గద్వాల ప్రాంతాల్లో ఉల్లి తీసిన మడిలోనే వెల్లుల్లి వేయకూడదు, రెండింటికీ ఇవే శత్రువులు.

కోత దగ్గర చేసే తొందర మొత్తం శ్రమను పాడు చేస్తుంది. ఆకులు పసుపు తిరిగి మెడ దగ్గర వాలడం మొదలయ్యాక గడ్డను పీకాలి. పీకిన వెంటనే ఆకు కోసి బస్తాల్లో నింపితే మెడలోని తడి గడ్డలోకి దిగి బూజు పడుతుంది. ఆకుతో సహా పొలంలోనే వరుసగా పరచి, ఒక వరుస ఆకులు పక్క వరుస గడ్డలను కప్పేలా రెండు మూడు రోజులు ఉంచి, ఆ తర్వాత గాలి ఆడే నీడకు చేర్చి పది, పదిహేను రోజులు ఆరనివ్వాలి. ఫిబ్రవరి, మార్చి నెలల పొడి గాలి ఈ పనికి మన జిల్లాల్లో ఎంతో అనుకూలం, మాళవ కంటే పెద్ద గడ్డ పండించలేకపోయినా ఆరబెట్టడంలో మనకు లోటు లేదు. ఎండిన ఆకులను జడలా అల్లి కట్టలుగా దూలాలకు వేలాడదీసే పాత అలవాటు నేటికీ మేలైనదే, ఎందుకంటే కట్ట చుట్టూ గాలి తిరుగుతుంది, కుళ్లిన గడ్డ వెంటనే కంటపడుతుంది. ఎండాకాలంలో బరువు తగ్గుతుంది కానీ మొలక రాదు. అసలు నష్టం జూన్ తర్వాతి తేమతో వస్తుంది. నాలుగైదు నెలల్లో పావు వంతు దాకా తరుగు పోవడం మామూలే. దీన్ని తప్పించుకోవడానికి శీతల గిడ్డంగి ఆలోచన వస్తే ఉష్ణోగ్రత అడిగి తెలుసుకోవాలి: వెల్లుల్లి సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి నిలుస్తుంది, 5 నుంచి 15 డిగ్రీల మధ్య పెడితే బయట ఉన్నదానికంటే త్వరగా మొలకెత్తుతుంది.

అమ్మకంలో ఇక్కడి రైతు చేసే అతి పెద్ద పొరపాటు మాళవ సరుకుతో అదే మార్కెట్‌లో, అదే బస్తాలో పోటీ పడడం. మలక్‌పేటలో వేలం పాట గడ్డ సైజును బట్టి నడుస్తుంది. లారీల్లో వచ్చిన లావు గడ్డల పక్కన దక్షిణ తెలంగాణ నడిపి గడ్డకు మూడో రకం ధర పడుతుంది, దాని మీద అడ్తి, హమాలీ, కిరాయి తీసేస్తే మిగిలేది కొద్ది. అదే గడ్డకు ఊరి చుట్టుపక్కల వేరే విలువ ఉంది. మామిడికాయ పచ్చళ్లు పెట్టే కాలం ఏప్రిల్‌లో మొదలై మే నెలంతా సాగుతుంది. ఆవకాయకూ, తొక్కుకూ ఇళ్లలో ఏడాది మొత్తంలో ఒకేసారి కిలోల లెక్కన వెల్లుల్లి కొనే సమయం అదొక్కటే. ఫిబ్రవరి చివర పీకిన పంట మార్చిలో ఆరి, సరిగ్గా అప్పటికి గట్టిపడి సిద్ధంగా ఉంటుంది. సన్న రెబ్బల గడ్డకు ఘాటు ఎక్కువని, పచ్చడికీ ఎల్లిపాయ కారానికీ అదే తగినదని నమ్మే గృహిణులు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. రెండు కిలోలు, ఐదు కిలోల జడలుగా కట్టి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, సూర్యాపేట వంటి పట్టణాల రైతు బజార్లలో, వారపు అంగళ్లలో, పచ్చళ్లు పెట్టి అమ్మే మహిళా సంఘాలకు నేరుగా ఇస్తే 200, 300 కిలోల సరుకు పోవడానికి లారీ అక్కర్లేదు. చిన్న విస్తీర్ణానికి ఉన్న నిజమైన బలం ఇదే, ఐదెకరాల రైతుకు ఈ దారి సరిపోదు.

అల్లం వెల్లుల్లి పేస్టు చేసి అమ్మాలన్న సలహా ప్రతి సమావేశంలోనూ వినిపిస్తుంది. హైదరాబాద్ వంటి నగరం పక్కన ఉండగా ఆ సలహాలో అర్థం ఉంది, కానీ అందులోని ప్రమాదం గురించి చెప్పేవారు తక్కువ. వెల్లుల్లి నేలలో పండేది, దానిపై బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. గాలి తగలని, పులుపు లేని చోట, ముఖ్యంగా నూనెలో ముంచి మామూలు గదిలో నిలువ ఉంచినప్పుడు అవి పెరుగుతాయి. వాసనతోనూ రుచితోనూ దాన్ని కనిపెట్టలేము. పేస్టులో తగినంత ఉప్పు, వినెగర్ లేదా సిట్రిక్ ఆమ్లం కలిపి పులుపును కొలిచి చూసుకోవడం, చల్లగా ఉంచడం తప్పనిసరి. నూరిన పేస్టు ఒక్కోసారి ఆకుపచ్చగా మారుతుంది. అది గంధకపు పదార్థాలు ఆమ్లంతో కలవడం వల్ల జరిగే మార్పు, విషం కాదు, అయినా కొనేవారు వెనక్కి ఇచ్చేస్తారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం నిబంధనల్లో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ పెట్టారు. స్వయం సహాయక సంఘ సభ్యులకు 40,000 రూపాయల వరకు ప్రారంభ పెట్టుబడి కూడా అందులోనే పెట్టారు. అయినా ఒంటరి రైతు పంట పండించిన మొదటి ఏడాదే యంత్రాలు కొనడం తొందరపాటు. దానికంటే రెబ్బల పొట్టు తీసి పట్టణ హోటళ్లకు రోజువారీగా ఇవ్వడం తక్కువ పెట్టుబడితో నడిచే పని, పీకేటప్పుడు దెబ్బతిన్న గడ్డలూ విడివిడి రెబ్బలూ అందులో చెల్లుబాటవుతాయి. గడ్డను మగ్గబెట్టి నల్లగా మార్చే నల్ల వెల్లుల్లి తయారీకి వారాల తరబడి వేడినీ తేమనూ ఒకే స్థాయిలో నిలపాలి, కొనేవారు కూడా కొద్దిమందే కనుక ఇప్పటికి దాన్ని పక్కన పెట్టవచ్చు.

చివరగా మళ్లీ విత్తనం గురించే చెప్పవలసి ఉంది, ఎందుకంటే సొంత విత్తనం దాచుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. రెబ్బ నుంచే మొక్క వస్తుంది కాబట్టి తల్లి గడ్డలోని వైరస్ కూడా తరతరాలుగా పిల్ల గడ్డకు చేరుతుంది, ఏటా కొంత దిగుబడి జారిపోతుంది. పొలంలో పంట నిలిచి ఉండగానే ఆకుల మీద పసుపు చారలున్న, గిడసబారిన మొక్కలను గుర్తుపట్టి పీకేయాలి. పంట కోశాక గడ్డను చూసి ఆ తేడా చెప్పలేము. విత్తనానికి ఉంచే గడ్డ చిన్నది, అమ్మేది పెద్దది అన్న అలవాటును తిరగేయాలి. మూడు నాలుగేళ్లకొకసారి పరిశోధన సంస్థ నుంచి కొత్త విత్తనం కొద్దిగా తెచ్చి, మళ్లీ ఐదు గుంటల్లో పెంచుకోవాలి. ఒక ఊళ్లో నలుగురైదుగురు రైతులు కలిసి ఈ పనిని వంతులవారీగా పంచుకుంటే, ఒకరి మడిలో తెగులు పడిన ఏడాది మరొకరి జడల నుంచి రెబ్బలు దొరుకుతాయి. బదులు తీసుకున్నవారు వచ్చే మార్చిలో కిలోకు కిలోన్నర చొప్పున గడ్డల రూపంలోనే తిరిగి ఇచ్చే ఏర్పాటు పెట్టుకుంటే, అక్టోబరులో బజారు ధర ఎంత పలికినా ఆ ఊరి నాట్లు ఆగవు.